మీ వీధి పనుల్లో మీ మాట చెల్లాలంటే: వీధి సభ నుంచి ఎం-బుక్ దాకా

వర్షాకాలం దగ్గర పడిందంటే చాలు, విశాఖలో ఒకటే ప్రశ్న. మధురవాడ వాళ్లు అడుగుతారు, గాజువాక వాళ్లు అడుగుతారు, ఆరిలోవ కొండవాలు నుంచీ అడుగుతారు. "కాలువ పొంగుతోందని కంప్లైంట్ పెట్టామండీ. రెండ్రోజులకే 'పరిష్కరించబడింది' అని ఫోనుకి మెసేజ్ వచ్చేసింది. కాలువ మాత్రం అలాగే పొంగుతోంది. ఇప్పుడేం చేయాలి?"

ఇంకో కంప్లైంట్ పెట్టినా అదే మెసేజ్ వస్తుంది. ఫిర్యాదు చేసేవాళ్లుగానే ఉంటే, మన వీధిలో ఏ పని ముందు, ఏది వెనక అన్నది ఇంకెవరో తేలుస్తారు. మనకు తెలిసేసరికి అంచనాలు వేసేసి, టెండరు పిలిచేసి, జేసీబీ వచ్చి నిలబడి ఉంటుంది. ఆ తేల్చేచోట వీధి వాళ్లు ముందే ఎలా కూర్చోవాలో కింద వరసగా రాస్తున్నాను. మా వీధిలో చేసి చూసినవే ఇవి. చెడిపోయినవి కూడా దాచకుండా చెబుతాను.

చట్టం గురించి రెండు ముక్కలు చాలు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని అందులోనే రాసి ఉంది. ఇక మన సంగతి. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి 2007లో ఎన్నికలయ్యాయి, 2012లో ఆ పాలకవర్గం గడువు తీరింది, మళ్లీ 98 వార్డులకు ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో దాదాపు తొమ్మిదేళ్లు నగరానికి కార్పొరేటరే లేడు. అందుకే పట్టుబట్టి చెబుతున్నాను: పాలకవర్గం ఉన్నా లేకపోయినా నడిచే ఏర్పాటు ఒకటి వీధికి సొంతంగా ఉండాలి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- 200 పేజీల గట్టి అట్ట రిజిస్టరు. విడి కాగితాలు వద్దు.
- స్టాంపు ప్యాడు (వేలిముద్ర వేసేవాళ్లు ఉంటారు)
- 30 మీటర్ల టేపు, సుద్దముక్క, కొంచెం ఎర్ర పెయింటు
- తేదీ, చోటు పడేలా ఫోటో తీసే ఫోను
- 10 రూపాయల కోర్టు ఫీ స్టాంపులు నాలుగైదు
- పెద్ద చార్టు ఒకటి, నాలుగైదు అట్టల బొట్టుబిళ్లలు (ఎందుకో మూడో అడుగులో చెబుతాను)
- నెలకు ఒక సాయంత్రం ఇవ్వగల ఏడుగురు. వాళ్లలో సగం మంది ఆడవాళ్లయితే పని సగం అయినట్టే.

సంఘం రిజిస్ట్రేషన్ లేకపోతే కుదరదా అని చాలామంది అడుగుతారు. మొదలుపెట్టడానికి అక్కర్లేదు. బ్యాంకు ఖాతా, కోర్టు వ్యవహారం వచ్చినప్పుడు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులతో చేయించుకోవచ్చు. ముందు రిజిస్ట్రేషన్ చేయించి, అధ్యక్ష కార్యదర్శుల పదవుల దగ్గరే కొట్టుకుని విడిపోయిన కాలనీలను చూశాను. ముందు సభ, తర్వాతే సంఘం.

1. హద్దు గీసుకోండి

కాలనీ అంతా ఒకేసారి వద్దు. ముప్పై నుంచి అరవై ఇళ్లు చాలు. ఒకే కొళాయి లైను, ఒకే చెత్త బండి, ఒకే కాలువ మీద ఉన్న ఇళ్లయితే మంచిది. చార్టు మీద వీధి బొమ్మ గీసి ఇళ్లు, స్తంభాలు, మ్యాన్‌హోళ్లు, కల్వర్టులు గుర్తు పెట్టండి. స్తంభం మీద నంబరుంటే అదీ రాయండి. "సందు చివర లైటు" అంటే ఎవరికీ అర్థం కాదు. నంబరు చెబితే లైన్‌మన్ నేరుగా వచ్చేస్తాడు.

అద్దెకున్నవాళ్లను కలుపుకోండి. "వాళ్లు ఇవాళుంటారు, రేపు పోతారు" అనే మాట ప్రతి వీధిలోనూ వినపడుతుంది. తెల్లారి నీళ్లు పట్టుకునేదీ, ఆ కాలువ దాటి పిల్లల్ని బడికి పంపేదీ వాళ్లే కదా.

2. ఆ పని ఎవరి చేతిలో ఉందో తేల్చుకోండి

విశాఖలో ఎక్కువ అర్జీలు పోయేది ఇక్కడే. ఈ ఊరికి యజమానులు చాలామంది.

చెత్త, కాలువలు, లోపలి రోడ్లు, వీధిదీపాలు, తాగునీరు జీవీఎంసీవి. కరెంటు స్తంభం, తీగ, ట్రాన్స్‌ఫార్మర్ ఈపీడీసీఎల్‌వి (కరెంటు పంపిణీ సంస్థ, ఫోను 1912). అంటే స్తంభం ఒకరిది, దాని మీద వెలిగే దీపం ఇంకొకరిది. 16వ నంబరు జాతీయ రహదారి సంగతి హైవే వాళ్లు చూస్తారు. కొన్ని లేఅవుట్లు, పార్కు స్థలాలు నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ చేతిలో ఉంటాయి. పాత కాగితాల్లో దాని స్థానంలో 2018కి ముందున్న వుడా పేరే కనిపిస్తుంది, కంగారు పడకండి. ఇవి కాక పోర్టు, రైల్వే, నేవీ, స్టీల్‌ప్లాంట్ భూములు ఎలాగూ ఉన్నాయి. కాలువ పైభాగం ఒకరి హద్దులో, గెడ్డలో (వాగులో) కలిసేచోటు మరొకరి హద్దులో ఉండటం ఇక్కడ మామూలే.

ఎవరిదో తెలియకపోతే వార్డు సచివాలయానికి వెళ్లి అడగండి. రోడ్లు, నీళ్లు, దీపాలకు అమినిటీస్ సెక్రటరీ, చెత్తకూ కాలువల శుభ్రతకూ శానిటేషన్ సెక్రటరీ, కట్టడాలు, లేఅవుట్ హద్దులకు ప్లానింగ్ సెక్రటరీ ఉంటారు. ఎవరు ఏం చెప్పారో తేదీతో రిజిస్టరులో రాసుకోండి.

మా మొదటి తప్పు ఇదే. పదకొండు సమస్యలు ఒకే అర్జీలో రాసి, నూట ఇరవై సంతకాలు పెట్టించి ఇచ్చాం. ఆ కాగితం నాలుగు టేబుళ్లు తిరిగి "సంబంధిత శాఖకు పంపడమైనది" అన్న ఒక్క ముక్కతో తిరిగొచ్చింది. నూట ఇరవై మంది ఇచ్చిన మాటకు దక్కింది అంతే. అప్పటి నుంచీ మాది ఒకటే నియమం: ఒక అర్జీ, ఒక పని, ఒక శాఖ.

3. వీధి సభ పెట్టండి

అసలు పని ఇదే. మిగతాదంతా దీని వెనకే వస్తుంది.

ఆదివారం పొద్దున్న పెట్టకండి. ఆ పూట చేపలు, మాంసం, తలంట్లతో ఆడవాళ్లకు ఊపిరి సలపదు. కొళాయి వచ్చే వేళా కుదరదు. సాయంత్రం ఐదున్నర, రామాలయం అరుగో, చర్చి ఆవరణో, ఎవరి డాబా మీదో, అందరూ మొహమాటం లేకుండా రాగలిగే చోటు చూడండి. మూడు రోజుల ముందు ఇంటింటికీ వెళ్లి చెప్పండి. వాట్సాప్ గ్రూపులో వేస్తే చూసినవాళ్లు బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకుంటారు. పొదుపు సంఘాల అక్కలకు చెబితే కబురు గంటలో ఇంటింటికీ చేరుతుంది.

సభలో ఒక్కటే ప్రశ్న పెట్టండి: ఈ ఏడాది మన వీధికి ఒక్క పనే జరుగుతుందంటే ఏది జరగాలి? వచ్చిన పనులన్నీ చార్టు మీద రాయండి. తర్వాత మనిషికి మూడు బొట్టుబిళ్లలు ఇవ్వండి. ఎవరికి కావాల్సిన పని పక్కన వాళ్లు వచ్చి అంటిస్తారు. చేతులెత్తమంటే పక్కింటాయన ఎత్తాడా లేదా అని చూసి ఎత్తుతారు. బొట్టుబిళ్లకు ఆ మొహమాటం లేదు.

మా సభలో మొదటి గంటంతా వీధి మొదట్లో ఆర్చి కట్టించడం గురించే మాట్లాడారు. మాట్లాడినవాళ్లంతా మగవాళ్లే. బొట్టుబిళ్లలు ఇచ్చాక చివరింటి మామ్మగారు లేచి, మూడూ కొండ మెట్ల దగ్గర లైటుకే అంటించేశారు. "రాత్రి కాలు జారి పడ్డాను బాబూ, ఆర్చి ఉంటే పడకుండా ఉంటానా?" అన్నారు. ఆమె వెనకే ఆడవాళ్లంతా లేచారు. ఆర్చికి నాలుగు బిళ్లలు పడ్డాయి. మెట్లకు, లైటుకు డెబ్బై దాటాయి. ఆ చార్టు ఇప్పటికీ మా ఇంట్లో బీరువా వెనక ఉంది.

జాగ్రత్త: ఏదైనా పని వల్ల ఎవరి ఇల్లో, బడ్డీయో పోయే పరిస్థితి ఉంటే వాళ్లు సభలో లేకుండా తీర్మానం చేయకండి. గెడ్డ వెడల్పు చేయమని మిగతా వీధంతా చప్పట్లు కొట్టొచ్చు. గెడ్డ గట్టున రేకుల షెడ్డులో ఉన్న కుటుంబాన్ని ముందు కూర్చోబెట్టి మాట్లాడండి. ఎక్కువమంది ఒప్పుకున్నారు కదా అని అది న్యాయం అయిపోదు.

ఇంకో జాగ్రత్త: పార్టీ కండువాలు గుమ్మం బయటే. అన్ని పార్టీల వాళ్లనూ పిలవండి, కానీ సభ నడిపేది వీధి వాళ్లే.

4. తీర్మానం రాయండి

అక్కడికక్కడే, అందరూ లేవకముందే రాయాలి. ఇంటికెళ్లి తీరిగ్గా రాద్దామనుకుంటే మాట మారిపోతుంది. ఇలా రాస్తే చాలు:

"తేదీ ___, ___ వార్డు, ___ వీధి. హాజరైనవారు ___ మంది, అందులో మహిళలు ___. ఫలానా స్తంభం నంబరు నుంచి ఫలానా ఇంటి నంబరు వరకు ___ మీటర్ల పొడవున మురుగుకాలువ మరమ్మతు మా వీధి మొదటి అవసరంగా తీర్మానించాము. పని అంచనా తయారుచేసే ముందు మా వీధి ప్రతినిధులతో కలిసి స్థలం చూడాలని కోరుతున్నాము."

చివరి వాక్యం వదలకండి. అంచనా వేసే రోజు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారితో కలిసి నడిచిన వీధికీ, నడవని వీధికీ చాలా తేడా ఉంటుంది. సంతకాల దగ్గర ఇంటి నంబరు కూడా రాయించండి.

5. ఇవ్వండి, రసీదు తీసుకోండి

ఒక ప్రతి సచివాలయంలో, ఒకటి జోనల్ కమిషనర్ కార్యాలయంలో, పాలకవర్గం ఉంటే ఒకటి కార్పొరేటర్‌కు. కదలిక లేకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి ఇవ్వండి. అక్కడ ఇచ్చే నంబరు రిజిస్టరులో ఎక్కించండి.

"పరిష్కరించబడింది" మెసేజ్ వస్తే అదే రోజు అదే చోట ఫోటో తీయండి. పక్కనే ఆ రోజు పేపరు పట్టుకుంటే ఇంకా మంచిది. పాత అర్జీ నంబరు వేసి, ఏ కారణంతో మూశారో అధికారి రాసిన ఎండార్స్‌మెంట్ కాపీ ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. కొత్త ఫిర్యాదు పెడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పాత నంబరు మీదే పట్టుబట్టండి.

కాలం కూడా చూసుకోవాలి. ఏప్రిల్ 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. బడ్జెట్ తయారీ అంతకు చాలా ముందే జరిగిపోతుంది. కాబట్టి తీర్మానాలు దీపావళి నాటికల్లా చేతికివ్వండి. సంక్రాంతి తర్వాత ఇచ్చేవి వచ్చే ఏడాదికి పోతాయి. పుణెలో 2006 నుంచి పౌరులే బడ్జెట్‌లో పెట్టాల్సిన పనులు సూచించే పద్ధతి ఉంది. మన దగ్గర అలాంటి ఫారం లేదు. మన తీర్మానమే మన ఫారం.

6. కాగితాలు బయటికి తీయండి

సమాచార హక్కు చట్టం, 2005. దరఖాస్తుకు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు, రుజువు జత చేయాలి. జవాబు రాకపోయినా, సగమే వచ్చినా 30 రోజుల్లో మొదటి అప్పీలు. అప్పటికీ తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

ఎక్కువమంది చేసే తప్పులు రెండు. సంఘం పేరుతో దరఖాస్తు చేస్తారు. హక్కు పౌరుడిది, కాబట్టి ఒక మనిషి పేరుతోనే పెట్టండి. రెండోది, "మా రోడ్డు ఎందుకు వేయలేదు?" అని అడుగుతారు. ఎందుకు అన్నదానికి ఫైల్లో కాగితం లేకపోతే జవాబూ ఉండదు. ఉన్న రికార్డునే అడగాలి:

- ఫలానా పని మంజూరు ఉత్తర్వు, అంచనా కాపీ
- కాంట్రాక్టరుతో ఒప్పందం కాపీ, పని పూర్తి చేయాల్సిన గడువు
- జరిగిన పని కొలతలు ఎక్కించే పుస్తకం, అంటే ఎం-బుక్‌లో ఆ పని పేజీలు
- నాణ్యత పరీక్షల రిపోర్టులు
- పని పాడైతే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం ఎంత, ఎప్పటితో ముగుస్తుంది
- మా వార్డుకు వార్డు కమిటీ వేశారా. వేస్తే సభ్యుల పేర్లు, సమావేశాల మినిట్స్ కాపీలు

చివరిది తప్పకుండా అడగండి. కమిటీ ఉందని వస్తే తర్వాతి సమావేశం ఎప్పుడో కనుక్కుని మీ తీర్మానం అక్కడ పెట్టించండి. లేదని వస్తే వేయమని అడగడానికి ఆ జవాబే మీ చేతిలో ఆధారం.

కాపీలే కాదు, పని జరుగుతున్న చోటును పరిశీలించే హక్కూ, వాడే సామగ్రి నమూనా అధికారికంగా తీసుకునే హక్కూ ఈ చట్టంలోనే ఉన్నాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు.

7. పని జరిగేటప్పుడు దగ్గరుండండి

సిమెంటు రోడ్డు గురించి వివరంగా చెబుతాను, మేం దెబ్బతిన్నది అక్కడే.

మా పక్క సందులో పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోశారు. రోడ్డు బ్రహ్మాండంగా వచ్చింది, కొబ్బరికాయ కొట్టారు, ఫోటోలు దిగారు. మొదటి వానకి నీళ్లన్నీ ఇళ్లలోకి వచ్చాయి. రోడ్డు గడపల కన్నా జానెడు ఎత్తయిపోయింది. ఒకింట్లో బియ్యం డబ్బా నీళ్లలో తేలడం నేను కళ్లారా చూశాను. అడగాల్సిన రోజు మాలో ఒక్కరం కూడా అడగలేదు.

అందుకని:

పని మొదలవకముందే ప్రతి ఇంటి గడప ఎత్తూ ఉన్న రోడ్డు నుంచి కొలిచి, గోడ మీద ఎర్ర గీత గీయండి. కొత్త రోడ్డు పైభాగం ఎక్కడికి వస్తుందో ఏఈ గారిని అడిగి అక్కడ ఇంకో గీత. రెండో గీత గడపకు దగ్గరగా వస్తోందంటే పాతది తవ్వాల్సిందే అని ఆ రోజే రాసివ్వండి. కాంక్రీటు పడ్డాక మాట్లాడి లాభం లేదు.

మందం చూడటానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. ఉదాహరణకు రోడ్డు 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, అంచనాలో మందం 15 సెంటీమీటర్లు అనుకోండి. 100 × 3 × 0.15 అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మామూలుగా ఒక మిక్సర్ లారీలో 6 ఘనపు మీటర్లు పడుతుంది. అంటే ఎనిమిది లారీలు రావాలి. ఆరే వచ్చి పని అయిపోయిందంటే మందం 12 దగ్గర ఆగింది. అరుగు మీద కూర్చున్న తాతగారికి చిన్న పుస్తకమిచ్చి లారీలు లెక్కపెట్టమనండి, అంతకన్నా గట్టి కాపలా ఉండదు. లారీ రాని ఇరుకు సందయితే పోసేముందు అంచు చెక్కల ఎత్తు, కింద సిద్ధం చేసిన నేలకూ చెక్క పైఅంచుకూ మధ్య దూరం, నాలుగైదు చోట్ల టేపుతో కొలవండి.

పోసే రోజు 15 సెంటీమీటర్ల ఇనుప అచ్చుల్లో కాంక్రీటు నింపి క్యూబులు తీస్తారు. తీయకపోతే తీయమనండి. 28 రోజుల తర్వాత వచ్చే బలం రిపోర్టును ఆరో అడుగులో చెప్పినట్టు అడగొచ్చు.

మర్నాటి నుంచి మట్టిగట్లు కట్టి నీళ్లు నిలపాలి. ఎన్ని రోజులన్నది అంచనాలోనే ఉంటుంది. మన ఎండకి మధ్యాహ్నానికే ఆవిరైపోతాయి. ఎదురింటి వాళ్లు వంతులేసుకుని నీళ్లున్నాయో లేదో చూడండి.

చివరగా, ఆరాక ఎత్తు చివర రెండు బిందెల నీళ్లు పోయండి. కాలువలోకి పోతే సరే. గడప వైపు తిరిగినా, మధ్యలో మడుగు కట్టినా వీడియో తీసి, బిల్లు కాకముందే ఏఈ గారికి, ఆయన పైఅధికారి డీఈ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. బిల్లయ్యాక ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

పని దగ్గర కూలీలతో గొడవ పడకండి. వాళ్లకు చెప్పినంత పోస్తారు. మాట్లాడాల్సింది ఏఈతో, అదీ మర్యాదగా, కాగితం మీద. మంచిగా పనిచేసిన ఏఈ గురించి కూడా పైవాళ్లకు ఒక ఉత్తరం రాయండి. మేం రాశాం. ఆ తర్వాత స్థలం చూడటానికి వచ్చినప్పుడల్లా ఆయనే ముందు ఫోను చేసేవారు.

8. రోజువారీ సేవలను నెలనెలా కొలవండి

చెత్త బండికి ఒక క్యాలెండరు చాలు. వచ్చిన రోజు టిక్కు, రాని రోజు సున్నా. నెలాఖరున ఆ పేజీ ఫోటో శానిటేషన్ సెక్రటరీకి పంపండి. "అస్సలు రావట్లేదు" అంటే వాదన అవుతుంది. "ముప్పైలో పదకొండు రోజులు రాలేదు, ఇవిగో తేదీలు" అంటే పని అవుతుంది.

నీళ్లకు క్లోరిన్ పరీక్ష కిట్ కొనుక్కోండి. మనకు నీళ్లు మేఘాద్రిగెడ్డ నుంచో, రైవాడ నుంచో, తాటిపూడి నుంచో, ఏలేరు కాలువ నుంచో చాలా దూరం వస్తాయి. వీధి చివరి కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పరీక్ష చేయాల్సింది ఆ చివరి కొళాయి దగ్గరే. మొదటింట్లో చేసి బాగుందనుకోవడం అందరూ చేసే పొరపాటు. చుక్కలు వేశాక రంగే మారలేదంటే నీళ్లు కాచి తాగమని వీధంతా చెప్పి, అదే పూట సచివాలయానికి కబురు పెట్టండి. దగ్గర్లో మురుగుకాలువలో మునిగిన పైపు ఉందేమో వెతకండి, చాలాసార్లు లీకు అక్కడే దొరుకుతుంది.

బడి అయితే పేరెంట్స్ కమిటీ చట్టప్రకారమే ఉంటుంది. మీ వీధి తల్లుల్లో ఒకరిని అందులో నిలబెట్టండి.

నగరం దాటి పంచాయతీలో ఉంటే

ఆనందపురం, పద్మనాభం మండలాల వాళ్లకు ఈ తిప్పలన్నీ అక్కర్లేదు. మీకు గ్రామసభ ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టమే దాన్ని ఇచ్చింది. మూడు, నాలుగు అడుగులు అక్కడే చేయండి. ఒక్కటి చూసుకోండి: సంతకాల పుస్తకం ఇంటింటికీ తిప్పి సభ జరిగినట్టు రాస్తుంటే సంతకం పెట్టకండి. సభకు వెళ్లి, తీర్మానం చదివించుకుని పెట్టండి.

అంతా అయ్యాక

పని పూర్తయిన తేదీ, కాంట్రాక్టరు బాధ్యత ముగిసే తేదీ రిజిస్టరు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయండి. రెండో తేదీకి మూడు నెలల ముందు ఏడుగురూ టేపు పట్టుకుని ఒకసారి వీధంతా నడవండి. పగులు ఎక్కడుంది, మూత ఎక్కడ విరిగింది, గడప దగ్గర ఎర్ర గీతకూ రోడ్డుకూ మధ్య ఎంతుంది, అన్నీ రాసి ఆ వారమే ఇవ్వండి. ఆ తేదీ దాటితే ఆ మరమ్మతుకు మళ్లీ అంచనా, మళ్లీ టెండరు, మళ్లీ ఏడాది.

మా వీధిలో ఆ నడక వచ్చే కార్తీకంలో ఉంది. గీతలు వెలిసిపోతున్నాయని మామ్మగారి మనవడు మొన్ననే మళ్లీ పెయింటు వేశాడు.